బెల్లం పక్కన పెట్టిన లాప్‌టాప్

ఆ రోజుల్లో మా చుట్టాల్లో ఎవరు సెల్‌ఫోను కొన్నా, టీవీ కొన్నా, ఇన్వర్టరు కొన్నా ముందు నన్ను పిలిచి చూపించేవారు. నేను తలూపాకే దాని మీది ప్లాస్టిక్ కాగితం పీకేవారు. అనకాపల్లిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి, కరెంటుతో నడిచే ప్రతి వస్తువు గురించీ నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. (మా పెద్దమ్మ ఒకసారి మిక్సీ పంపించింది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, గంభీరంగా "లోడు ఎక్కువైంది" అన్నాను. ఆ మాటకి అర్థం నాకూ తెలీదు. ఆవిడకి మాత్రం చాలా తృప్తిగా ఉండింది.) ఇది నవ్వుకోవడానికి రాస్తున్న సంగతే అయినా, ముందు ఒకటి ఒప్పుకోవాలి. మా మేనత్త కొడుకుని, అంటే మా బావని, మా చుట్టాలంతా ఇవాళ్టికీ 'కోల్డు స్టోరేజి' అంటారు. పెళ్ళి భోజనాల్లో "కోల్డు స్టోరేజికి ఇంకో గారె వెయ్యండ్రా" అని వరసలో అటు చివరి నుంచి అరుస్తారు. అతను నవ్వేసి తింటాడు. ఆ పేరు అతని తెలివితక్కువతనం వల్ల వచ్చిందని అందరూ అనుకుంటున్నారు. కాదు. నాకు తెలిసిన ఒక చిన్న మాటని, చెప్పాల్సిన క్షణంలో చెప్పకుండా నేను మింగేయడం వల్ల వచ్చింది. ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు.

మా బావ నాకంటే కాస్త పెద్ద. డిప్లొమా చదివి, నక్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ప్రాణం మాత్రం ఇళ్ళ బొమ్మల మీద ఉండేది. మా ఊళ్ళో అప్పుడప్పుడే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కట్టబోయే భవనం ఎలా ఉంటుందో ముందే బొమ్మ గీసి, దాని ముందు ఒక కారూ, రెండు కొబ్బరి చెట్లూ పెట్టి, నీలం ఆకాశం అద్ది బోర్డు కడితే ఫ్లాట్లు అమ్ముడుపోయేవి. ఆ బొమ్మలు చెయ్యడం బావ తనంతట తనే నేర్చుకున్నాడు. ఊళ్ళో ఒక బిల్డరు, "మా అపార్ట్‌మెంట్లోకి మనిషి నడిచి వెళ్తున్నట్టు వీడియో చేసి చూపించవయ్యా. నచ్చిందంటే నా పనులన్నీ నీకే" అన్నాడట. అది కుదిరితే షిఫ్టు ఉద్యోగం మానేసి, మెయిన్ రోడ్డులో చిన్న గది తీసుకుని బోర్డు పెట్టుకోవాలని బావ కోరిక. అలాంటి వీడియో చెయ్యడానికి మామూలు కంప్యూటరు సరిపోదు. అందుకని ఏళ్ళ తరబడి ఓవర్‌టైములు చేసి కూడబెట్టిందంతా పెట్టి, విశాఖపట్నం వెళ్ళి గేమింగ్ లాప్‌టాప్ కొనేశాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా. నా చేత తల ఊపించుకోకుండా. మీకు అర్థమవుతోందనుకుంటాను.

చూడ్డానికి వెళ్ళాను. మా అత్త అప్పటికే దాని మూత మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన కొబ్బరికాయ కొట్టింది. (కొబ్బరినీళ్ళు మీద చిందకుండా బావ టవలు అడ్డుపెట్టాడు. ఆ జాగ్రత్త చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.) బావ మూత తీసి బటన్ నొక్కాడు. కీబోర్డు అక్షరాల కింద నుంచి ఎర్రటి వెలుగు ఒక కొస నుంచి రెండో కొసకి పాకింది. నేను రెప్ప వేసి తీసేలోపు తెర మీద అన్నీ వచ్చేసి కూర్చున్నాయి. మా ఇంట్లో నాకూ ఒక కంప్యూటరుంది, విడి భాగాలు తెచ్చి నేనే బిగించుకున్నది. దాని పక్క రేకు ఎప్పుడో ఊడదీసేశాను, ఎందుకంటే లోపల ఫ్యాను ఆగినప్పుడల్లా వేలితో తిప్పి మళ్ళీ తిరిగేలా చెయ్యాలి. పొద్దున్న ఆన్ చేసి స్నానానికి వెళ్తే, తుడుచుకుని వచ్చేసరికి సిద్ధంగా ఉండేది. నిన్నటిదాకా అది గొప్ప మిషనే. ఆ ఎర్ర లైట్లు చూశాక దాన్ని తలుచుకుంటే, పెళ్ళికి తోడొచ్చిన ముసలి చుట్టాన్ని చూసినట్టు సిగ్గేసింది. అత్త నా వైపు తిరిగి, "నీకు తెలుసు గదా నాయనా, సూసి సెప్పు. బాగుందా?" అంది. నేను ఒక వేలితో మూత అంచు తడిమాను. వెనక్కి తిప్పి, చిల్లుల్లోకి ఒక కన్ను మూసి చూశాను.

"బాగానే ఉంది బావా," అన్నాను. "గానీ..."

"గానీ ఏటిరా?"

"ఏం లేదులే."

"ఏం లేదంటే ఏటి? అన్నాక సెప్పాలి."

"ఇలాంటివి వేడెక్కిపోతాయి బావా. ఇంత పవరుని ఇంత పల్చటి డబ్బాలో కుక్కేత్తే ఏటవుద్ది? లోపల సన్న సన్న అతుకులుంటాయి, వేడికి అవి వదిలేత్తాయి. సూత్తావు గదా."

బావ మొహంలో వెలుగు తగ్గింది. నా కడుపులో చల్లగా ఉంది. ఆ రెండూ ఒకేసారి జరిగాయని అప్పుడే గమనించాను, అయినా ఆగలేదు. ఆ 'గానీ' నాకు భలే పనికొచ్చే వస్తువైంది. ఆ తర్వాత వారమంతా ఇన్‌స్టిట్యూట్ నెట్‌లో కూర్చుని, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో అలాంటి లాప్‌టాప్‌లు కొని ఏడ్చిన ఏడుపులన్నీ వెతికి చదివాను. ఒకడికి మూత దగ్గర కీలు విరిగిందట. ఒకడికి బ్యాటరీ ఉబ్బిందట. ఒకడికి కొన్న నెలకే తెర మీద గీతలు పడ్డాయట. (బాగా పనిచేస్తున్నవాడు నెట్‌లో కూర్చుని "నాది బాగానే ఉందండీ" అని ఎందుకు రాస్తాడు? ఆ ఆలోచన నాకు వచ్చింది. దాన్ని పక్కకి తోసేశాను.) సాయంత్రం అవన్నీ బావకి తెలుగులో చెప్పేవాణ్ణి, బాధగా మొహం పెట్టి. "నిన్ను భయపెట్టాలని కాదు బావా, జాగర్తకి సెప్తన్నాను" అనేవాణ్ణి.

బావ భయపడ్డాడు. మనిషి ముందే జాగ్రత్తపరుడు, నా మాటలతో ఇంకా ముదిరాడు. లాప్‌టాప్ ముందు టేబుల్ ఫ్యాను పెట్టాడు. పక్కన తడిపిన గోనెపట్టా కట్టాడు. మూత రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లకి దుప్పటి కప్పినట్టు మూసేవాడు. గట్టిగా పని చేయిస్తే వేడెక్కుతుందని బొమ్మలు గీయడం తగ్గించాడు. లోకంలో అంత ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ కొని, దాంట్లో పేకముక్కల ఆట మాత్రం ఆడినవాడు మా బావ ఒక్కడేనేమో. అదీ ఫ్యాను చప్పుడు పెరిగితే సగంలో ఆపేసేవాడు. మా అత్త, "నాకు జొరమొచ్చినప్పుడు ఒక్కనాడు నుదురు ముట్టుకుని సూడలేదు గానీ, దాని ఈపు మాత్రం అస్తమానం ముట్టుకుంతన్నాడు" అనేది. మావయ్యకి కోటవురట్ల దగ్గర చెరుకు తోట ఉంది, బెల్లం వండించేవాడు. ఆయన లాప్‌టాప్ అడుగున అరచెయ్యి ఆనించి, పొయ్యి మీది పెనాన్ని చూసినట్టు చూసి, "ఇది పాకం ముదిరిన వేడిరా. మంట తగ్గించండి" అనేవాడు. మంట తగ్గించే బటన్ ఏదో మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

ఇంతలో బిల్డరు కబురు పంపాడు. వీడియో ఎప్పుడిస్తావని. బావ డ్యూటీలు మార్పించుకుని గీయాల్సిందంతా గీసేశాడు. ఇక మిగిలింది ఆ బొమ్మలన్నిటినీ కలిపి లాప్‌టాప్ వీడియోగా తయారు చెయ్యడం. దానికి పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా అది ఆగకుండా, పూర్తి బలంతో పనిచెయ్యాలి. అది రోహిణి కార్తె. బయట ఎండ, లోపల ఉక్క, పైగా కరెంటు కోతలు. బావ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఒరే బామ్మర్దీ, నువ్వన్నట్టు మధ్యలో అతుకులొదిలేత్తే నా గతేటి? ఇది పోతే మళ్ళీ కొనలేను. ఏటి సెయ్యమంటావు?"

"ఏమీ అవదు, మొదలుపెట్టు" అంటే సరిపోయేది. అదే నిజం కూడా. అలాంటి మిషన్లు ఆ వేడికి తట్టుకునేలాగే తయారవుతాయి. కానీ నిన్నటిదాకా చెప్పిన ఏడుపులన్నీ వెనక్కి తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. "ఏసీ గది కావాలి బావా. కరెంటు పోకూడదు. అలాటి సోటు మనకెక్కడుంటాది, బెల్లం కోల్డు స్టోరేజి తప్ప" అని వెటకారంగా అన్నాను.

మావయ్య అరుగు మీద నుంచి విన్నాడు. ఆయనకది వెటకారంగా వినపడలేదు. మా ఊళ్ళో బెల్లం వానాకాలంలో చెమ్మ పట్టి కరిగిపోకుండా, రంగు మారకుండా చలిగిడ్డంగుల్లో దాచుకుంటారు. మావయ్య దిమ్మలు కూడా అలాంటి ఒక దాంట్లోనే ఉన్నాయి. అక్కడి సూపర్‌వైజరు ఆయనకి బాగా తెలుసు. "సరైన మాట సెప్పేడు," అన్నాడు లేచి వస్తూ. "మన బెల్లం ఆరు నెలలున్నా రంగు మార్లేదు. ఒక్క పూటలో దీనికేటవుద్ది? జనరేటరు కూడా ఉంది." బావ నా వైపు చూశాడు. నేను తలూపాను. ఇన్నాళ్ళకి నా చేత తల ఊపించుకున్నాడు గదా అని లోపల ఒక దిక్కుమాలిన సంతోషం.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. బయట ఎండకి చెప్పులు అంటుకుపోతుంటే, మేమిద్దరం స్వెట్టర్లు, మంకీ టోపీలు చేత్తో పట్టుకుని ఆటో దిగాం. గేటు దగ్గర హమాలీలు మమ్మల్ని చూసి, "ఏ కొండకెల్తన్నారు బాబూ?" అన్నారు. లోపల తలుపు తీయగానే తియ్యటి వాసనతో చలి ముఖాన కొట్టింది. పైకప్పు దాకా గోనెపట్టాలు చుట్టిన దిమ్మలు. వాటి మధ్య ఒక స్టూలు, స్టూలు మీద లాప్‌టాప్. చీకట్లో ఎర్ర లైట్లు వెలిగేసరికి, బెల్లం మధ్య ఏదో అమ్మవారిని నిలబెట్టినట్టుంది. సూపర్‌వైజరు చెప్పులు విడిచి మరీ చూశాడు. పని మొదలైంది. మేము కాసేపు లోపల వణికి, కాసేపు బయట చెమట పట్టి, రోజంతా అలా గడిపాం. పొద్దు వాలేలోపు తెర మీద, బిల్డరు అపార్ట్‌మెంట్ గేటు తెరుచుకుంది. మెట్లు, వరండా, హాలు, వంటింటి కిటికీలోంచి కొండ. అసలు అపార్ట్‌మెంట్ కట్టాక కూడా అంత బాగా లేదు. బావ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మెచ్చుకోవాలనిపించింది. "మిషను ఆపేసి ఉంచు బావా, వేడి మీద కదపకు, బాగా సల్లారనీ" అన్నాను. ఈ మాట మాత్రం మంచి మనసుతోనే అన్నాను, నమ్మండి. అది చలిలో రాయిలా చల్లబడేదాకా ఉంచాం.

బావ ఫోను చేస్తే బిల్డరు ఇంటికి రమ్మనలేదు, తనే కారులో గేటు దగ్గరికి వచ్చేశాడు. బావ లాప్‌టాప్ని ఛాతీకి హత్తుకుని బయటికి తెచ్చి, హమాలీల బల్ల మీద పెట్టాడు. బయటి ఉక్క గాలి తగలగానే దాని మూత మీద మంచు కురిసినట్టయింది. చూస్తుండగానే అది చుక్కలు కట్టింది, చల్లటి మజ్జిగ గ్లాసులా. బావ జేబురుమాలు తీసి పైనంతా తుడిచి, మూత తీశాడు. అక్షరాల మీద కూడా చెమ్మ. అదీ తుడిచాడు. పైన తుడిస్తే చాలనుకున్నాడు. చలిలోంచి ఉక్కలోకి తెచ్చిన మిషను లోపల కూడా నీరు పడుతుందనీ, అది ఆరేదాకా కరెంటు ఎక్కించకూడదనీ నేను ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్న పరీక్షలో కూడా ఇచ్చేవాణ్ణి. "ఆగు బావా, ఆరనీ." అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే బిల్డరు బావ భుజం మీద చెయ్యేసి, "మీ చుట్టాల్లో కంప్యూటర్ తెలిసినోడు నువ్వేనటగదా" అన్నాడు.

నోరు మూసుకున్నాను.

బావ బటన్ నొక్కాడు. ఎర్ర వెలుగు ఈ కొస నుంచి బయల్దేరింది, సగం దాకా పాకింది, ఆరిపోయింది. ఎంత నొక్కినా మళ్ళీ రాలేదు. బిల్డరు కాసేపు నిలబడి, గడియారం చూసుకుని, "బాగయ్యాక తీసుకురా" అని కారెక్కాడు. నేను అప్పుడు అన్న మాట కూడా రాయాలి. "ముందే సెప్పేను గదా బావా, ఇవి నమ్మకమైనవి కావని" అన్నాను.

విశాఖపట్నం సర్వీసు సెంటరులో కుర్రాడు విప్పి చూసి, నీళ్ళు పడ్డాయి కాబట్టి వారంటీ రాదన్నాడు. మావయ్య బల్ల మీదికి వంగి, "నీళ్ళు పడలేదు బాబూ, సలి పడింది" అని బతిమాలాడు. ఆ కుర్రాడు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళాడు. లోపల బోర్డూ డిస్కూ కాలాయి, వీడియో కూడా వాటితోనే పోయింది. మళ్ళీ చెయ్యడానికి నా కంప్యూటర్ ఇస్తానా అని బావ అడిగాడు. "దాంట్లో అంత పవరు లేదు బావా" అన్నాను. జీవితంలో మొదటిసారి నా మిషను తక్కువదని ఒప్పుకున్న సందర్భమది. బిల్డరు వేరే వాళ్ళని చూసుకున్నాడు. బావ షిఫ్టులకి వెళ్ళిపోయాడు. ఎవరో హమాలీ చెప్పగా కథ ఊరంతా పాకి, ఆ తర్వాత వచ్చిన పెళ్ళిలోనే పేరు పెట్టేశారు. మావయ్య మాత్రం నవ్వేవాడు కాదు. "బెల్లం బయటికి తీసినా సెమట పడతాది. గోనె కప్పి ఉంచుతాం. దానికి కప్పాలని నాకు తోచలేదురా" అనేవాడు, తప్పు తనదైనట్టు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగేవాణ్ణి. ఎర్ర లైట్లు ఆరిపోతే నా అసూయ కూడా ఆరిపోతుందనుకున్నాను. అది ఆరలేదు. బావ ఏ కాగితం మీద ఏ కిటికీ గీసినా, అది నాకెందుకు రాదని మండుతూనే ఉండేది.

మొన్న వేసవిలో నేనూ ఒక గేమింగ్ లాప్‌టాప్ కొన్నాను. ఇంట్లో ఆన్‌లైన్ పాఠాల కోసమని చెప్పాను. అసలు కారణం ఎర్ర లైట్లు. (ఇప్పుడు అన్ని రంగులూ వస్తున్నాయి. నేను ఎరుపే పెట్టుకున్నాను.) కారులో తెస్తుండగానే భయం పట్టుకుంది. ఇంత పెట్టానే, ఇది నిలబడుతుందా? మూత కీలు వదులుగా లేదూ? దాని పెట్టె కదిలినప్పుడు ఏదో చప్పుడు వినిపించలేదూ? దారిలోనే కారు పక్కకి ఆపి ఫోనులో, ఎక్కడెక్కడివాళ్ళో ఏడ్చిన ఏడుపులన్నీ చదివాను. చూపించి తల ఊపించుకోవడానికి మనిషి కావాలనిపించింది. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా బావ ఇంటి దగ్గర కారాపాను.

పెట్టె విప్పి, మూత తీసి, ఆత్రంగా బటన్ మీద వేలు పెట్టబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. ఏసీ కారులోంచి తెచ్చేవు గదా. కాసేపు ఆరనీ."

నా వేలు గాల్లోనే ఉండిపోయింది. అతను నా చెయ్యి వదిలి, కళ్ళజోడు పెట్టుకుని, మూత అంచు మెల్లగా తడుముతున్నాడు. అతని మొహంలో, నేను ఆ రోజు వెతికినట్టు లోపం వెతుకుతున్న చూపు ఎక్కడా లేదు. "ఎంత బాగుందో" అన్నాడు. ఆ తర్వాత ఏ 'గానీ' కోసమో ఎదురు చూశాను. రాలేదు.

అప్పుడు చెప్పేశాను. పాఠం, పరీక్ష ప్రశ్న, గొంతు దాకా వచ్చిన మాట, బిల్డరు అన్నది, అన్నీ. బావ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"అంటే నీకు ముందే తెల్సన్నమాట."

"తెల్సు."

"నేను తుడుత్తంటే సూత్తన్నావు."

"సూత్తన్నాను."

"మరి ఈ మాట నాకొక్కడికి సెప్తే ఏటి లాభం? పేరు పెట్టినోళ్ళకి సెప్పు" అని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు మంచినీళ్ళు ఇమ్మని కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో అలా ఎన్నడూ జరగలేదు.

తర్వాత మా చుట్టాల పిల్ల ఓణీల ఫంక్షనులో, అందరూ భోజనాలకి కూర్చున్నాక లేచి నిలబడి చెప్పాను. తెలిసి తెలిసి చెప్పలేదనీ, బావ తప్పేం లేదనీ, ఆ పేరు పెడితే నాకు పెట్టాలనీ. వడ్డన ఆగిపోయింది. మావయ్య చేతిలో అప్పడం అలాగే పట్టుకుని, "సూడండ్రా, నా కొడుకు పరువు నిలబెట్టడానికి తప్పంతా తన మీదేసుకుంతన్నాడు. ఎంత మంచోడో" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. మా పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుంది. నేను మంచివాణ్ణి కానని ఎంత మొత్తుకుంటే, అంత మంచివాణ్ణయిపోతున్నాను. చివరికి నా ఆకులో ఒక గారె ఎక్కువ పడింది. అందుకే ఇప్పుడిలా అచ్చులో రాస్తున్నాను. ఇది చదివాకైనా నమ్మండి.

ఆ రోజు భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట బావ పక్కన నిలబడ్డాను. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. అప్పటిదాకా జరిగింది చెప్పానే గానీ, చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"బావా, ఆ రోజు నేను నీ సెయ్యి పట్టుకోవాల్సింది. ఓర్వలేక పట్టుకోలేదు. మెయిన్ రోడ్డులో నీకు బోర్డు లేకుండా సేసింది నేనే. నన్ను క్షమించు."

బావ కుళాయి కట్టేసి, జేబురుమాలు తీసి, చేతులు వేలు వేలూ తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"నీ లాప్‌టాప్ తెచ్చి సూపించేవు గదా. బాగానే ఉందిరా. గానీ..."

ఆ మాట పూర్తి చెయ్యకుండానే పందిట్లోకి వెళ్ళిపోయాడు. ఆ 'గానీ' తర్వాత ఏముందో ఇంతవరకూ చెప్పలేదు. అడగడానికి నాకు మొహం లేదు. రోజూ ఒకసారి నా లాప్‌టాప్ వీపు మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటున్నాను.